పడుకోబెట్టి చూసిన కిడ్నీ

స్కానింగ్ పని నేర్చుకోవడానికి వచ్చే కొత్త డాక్టర్లు నన్ను మొదట అడిగేది మిషను గురించి. ఏ కంపెనీది మంచిది, ఒంటికి ఆనించే ప్రోబ్ ఏది కొనాలి, సెట్టింగులు ఎట్లా పెట్టుకోవాలి అని. ముప్పై ఏళ్లకు పైగా జగిత్యాలలో, గురువారం గురువారం కోరుట్లలో, పిలిచినప్పుడు సిరిసిల్లలో స్కానింగులు చేసి ఈ మధ్యనే గది తాళాలు ఇంకొకరి చేతిలో పెట్టాను. నా చేతి కింద ఐదు మిషన్లు పాతబడ్డాయి. వాటి గురించి నేను చెప్పేది ఏదైనా మీరు ఉద్యోగంలో చేరేసరికి పనికిరాకుండా పోతుంది. అందుకని నా తప్పు గురించి చెప్తాను. అది ఏ మిషను మీద కూర్చున్నా మీరు కూడా చెయ్యగలిగిన తప్పు.

మా పని ఏమిటంటే

నూటికి తొంభై మంది కడుపుతో ఉన్నవాళ్లు, రాళ్లు ఉన్నవాళ్లు, కడుపునొప్పి ఎందుకో తెలియనివాళ్లు. మిగిలినవాళ్లలో ఎప్పుడో ఒకరు కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లు వస్తారు. వాళ్ల ఆపరేషను హైదరాబాదులో అవుతుంది. ఆ తర్వాత ప్రతి చిన్న పరీక్షకూ అంత దూరం పోలేరు కాబట్టి, దగ్గర్లో డాప్లర్ చేయించుకొని రిపోర్టు పంపించమని అక్కడి డాక్టర్లే చెప్తారు.

మార్చిన కిడ్నీని నడుము దగ్గర పెట్టరు. పొత్తికడుపులో ఒక పక్కకు, తొడ మొదలుకు కాస్త పైన పెట్టి, కాలికి పోయే పెద్ద రక్తనాళానికి దాని నాళాన్ని అతుకుతారు. చర్మం కిందే ఉంటుంది కాబట్టి ప్రోబ్ ఆనించగానే కనిపిస్తుంది. డాప్లర్ అంటే ఆ నాళంలో రక్తం ఎంత వేగంగా పోతున్నదో శబ్దంగానూ గీతగానూ చూపించేది. బాగున్న కిడ్నీలో రక్తం పోయే చప్పుడు హుష్, హుష్ అని మెత్తగా, ఎక్కడా తెగకుండా వినిపిస్తుంది. అతుకు దగ్గర నాళం సన్నబడితే అక్కడ చప్పుడు కీచుగా మారుతుంది, ఆ అవతల కిడ్నీ లోపల నీరసంగా మోగుతుంది.

కిడ్నీకి రక్తం తక్కువైతే అది ఒంట్లో నీళ్లు తక్కువయ్యాయని పొరబడుతుంది. బీపీ పెంచుతుంది. ఎన్ని మాత్రలు వేసినా ఆ బీపీ దిగదు. కిడ్నీ వడకట్టి బయటికి పంపవలసిన క్రియాటినిన్ రక్తంలో మెల్లగా ఎక్కుతుంది. ఇవే లక్షణాలు ఒళ్లు ఆ కిడ్నీని పరాయిదని తిరగబడ్డా వస్తాయి, మనిషి మందులు మానేసినా వస్తాయి. ఈ మూడింట్లో ఏది అన్నది తేల్చడంలో మా చేతిలో ఉండే ముక్క ఒకటే, నాళం బాగుందా లేదా. ఆ ముక్క మేం తప్పు రాస్తే మిగతా వైద్యం అంతా తప్పుదారి పడుతుంది.

మా పెద్దసారు

నాకు డాప్లర్ నేర్పిన పెద్దసారు పరమ కోపిష్టి. ప్రోబ్ గట్టిగా నొక్కితే చేతి మీద స్కేలుతో కొట్టేవాడు. మార్చిన కిడ్నీ పైపైన ఉంటుంది కదా, నువ్వు నొక్కినంత మేర నువ్వే రక్తం ఆపుతున్నావు, ఆపి మళ్లీ జబ్బని రాస్తావు అనేవాడు. అది నేను ఎన్నడూ మరవలేదు.

ఇంకొక అలవాటు ఉండేది ఆయనకు. పేషెంటు పడుకోకముందే, మిషను ముట్టకుండా, ఎదురుగా స్టూలు వేసి కూర్చోబెట్టి నీకేమయింది చెప్పు అని అడిగేవాడు. డాక్టరు చీటీ మీద రాసి పంపించాడు కదా సార్, మళ్లీ ఎందుకు అని ఒకసారి అడిగాను. చీటీ డాక్టరు చెప్పింది, నేను అడుగుతున్నది మనిషిని అన్నాడు. జగిత్యాల వచ్చాక మొదటి రెండేళ్లు నేనూ స్టూలు వేశాను. తర్వాత బయట బెంచీలు నిండాయి. స్టూలు మీద ఫైళ్లు పెట్టుకోవడం మొదలుపెట్టాను. అది అంత పెద్ద విషయమని ఆ రోజుల్లో అనిపించలేదు.

సిరిసిల్ల మనిషి

నా తలకు పొగరు ఎక్కించిన కేసు ముందు చెప్తాను.

సిరిసిల్లలో సాంచాలు నడిపే మనిషి, నలభై ఏళ్లుంటాయి. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. అక్క కిడ్నీ ఇస్తే పెట్టారు. నాలుగు రకాల బీపీ మాత్రలు వేసినా దిగడం లేదు. ఐదోది ఒకటి కొత్తగా మొదలుపెడితే పది రోజుల్లో క్రియాటినిన్ ఎగబాకింది. ఆ జాతి మాత్రతో అట్లా ఎగబాకితే నాళం సన్నబడిందేమోనని అనుమానించాలి. ప్రోబ్ పెట్టగానే అతుకు దగ్గర చప్పుడు కీచుమన్నది. మూడు చోట్ల, మూడు కోణాల్లో చూసి రిపోర్టు రాశాను. హైదరాబాదులో తొడ దగ్గరి నాళంలోంచి సన్నటి గొట్టం పంపించి, బెలూనుతో ఆ చోటు వెడల్పు చేసి, స్టెంటు పెట్టారు. నెల తిరిగేసరికి ఒక్క మాత్రతో బీపీ అదుపులోకి వచ్చింది. తన సాంచె మీద నేసిన తువ్వాల తెచ్చి నా మెడలో వేశాడు.

అక్కడి నెఫ్రాలజిస్టు, అంటే కిడ్నీల డాక్టరమ్మ, ఫోన్ చేసి మెచ్చుకుంది. ఇక మీదట మీ రిపోర్టు వస్తే మళ్లీ చేయించను అన్నది. నాకు ఆ మాట ఏడాది పాటు తియ్యగా ఉంది. ఆ తర్వాత అదే మాట వల్ల ఒక మనిషి కిడ్నీ పోయేంత పని అయ్యింది.

స్వరూప

కోరుట్ల గదికి ఒక గురువారం స్వరూప వచ్చింది. ముప్పై నాలుగేళ్లు. బీడీలు చేస్తుంది. పక్కన భర్త గంగాధర్. దుబాయిలో డ్రైవరు పని వదిలేసి వచ్చి తన కిడ్నీ ఒకటి భార్యకిచ్చాడు. మళ్లీ పోదామంటే ఆ కంపెనీ తీసుకోలేదు. ఇప్పుడు కోరుట్లలో ఆటో నడుపుతున్నాడు. ఆపరేషనై పద్నాలుగు నెలలు. మొదటి ఏడాది అంతా సాఫీగా గడిచింది. రెండు నెలల నుంచి బీపీ ఎక్కువ, క్రియాటినిన్ కొంచెం కొంచెంగా పైకి పోతున్నది.

కుడిపక్క పొత్తికడుపులో కిడ్నీ. పడుకోబెట్టి చూశాను. అతుకు దగ్గర చక్కటి చప్పుడు. కిడ్నీ లోపల చక్కటి గీత. నొక్కలేదు, కోణం తప్పలేదు. నాళం కొంచెం పొడుగ్గా ఉన్నట్టు అనిపించింది, అది రాయదగ్గ సంగతి అనుకోలేదు. రక్తప్రసరణ మామూలుగా ఉంది అని రాసి పంపాను.

లేచి చీర సర్దుకుంటూ ఆమె ఏదో అన్నది. నేను పక్క కేసు ఫైలు తిరగేస్తున్నాను. ఆ, సరే, డాక్టరమ్మకు చెప్పుకో అన్నాను.

మూడు వారాల తర్వాత మళ్లీ పంపించారు. క్రియాటినిన్ ఇంకా ఎక్కింది. మళ్లీ పడుకోబెట్టి చూశాను, మళ్లీ అంతా బాగుంది. ఈసారి నేను రిపోర్టుతో ఊరుకోలేదు. తెలివైనవాణ్ణని ఏడాదిగా నమ్ముతున్నాను కదా, గంగాధర్‌ను పక్కకు పిలిచి, నాళం బ్రహ్మాండంగా ఉందయ్యా, మాత్రలు సరిగ్గా మింగుతున్నదో లేదో చూసుకో, చాలామంది ఆడవాళ్లు మొహం ఉబ్బుతుందని మానేస్తారు అన్నాను. ఆ మాట అనే హక్కు నాకు లేదు. స్కానింగులో మాత్రలు కనిపించవు. కానీ అన్నాను, అదీ ఆమె గుమ్మంలో నిలబడి వింటుండగా అన్నాను. ఆమె నా వైపు ఒకసారి చూసి తల దించుకుంది.

హైదరాబాదులో నా రిపోర్టు చూసి, నాళం సంగతి పక్కన పెట్టి, కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేశారు. అది అటూ ఇటూ కాకుండా వచ్చింది. ఒళ్లు కిడ్నీ మీద తిరగబడుతున్నదేమోనని మూడు రోజులు పెద్ద మోతాదు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చారు. క్రియాటినిన్ దిగింది. అందరం హమ్మయ్య అనుకున్నాం. ఆసుపత్రిలో ఉన్న ఆ పది రోజులు ఆమె మంచం మీద పడుకునే ఉందన్న సంగతి మాకెవరికీ తట్టలేదు. ఇంటికి వచ్చిన రెండు వారాలకు మళ్లీ ఎక్కడం మొదలైంది. ఈసారి వెంట షుగరు కూడా వచ్చింది, ఇంజెక్షన్ల వల్ల.

గంగాధర్ నోట్‌బుక్కు

మూడోసారి వచ్చినప్పుడు ఆ ఇద్దరి మధ్యా మాటల్లేవని గదిలోకి అడుగుపెట్టగానే తెలిసింది. బెంచీ మీద ఇద్దరికీ నడుమ ఒక మనిషి పట్టేంత ఖాళీ వదిలి కూర్చున్నారు. స్వరూప కాళ్లు వాచి ఉన్నాయి. రెండు రోజుల నుంచి మూత్రం తక్కువగా వస్తున్నదని చీటీ మీద ఉంది. ఇంకొక్క వారం చూసి, తగ్గకపోతే ఇంకా గట్టి మందు మొదలుపెడతామనీ, అదీ పని చెయ్యకపోతే మళ్లీ డయాలసిస్ తప్పదనీ డాక్టరమ్మ ఫోనులో చెప్పింది.

గంగాధర్ నా ముందు ఒక పొడుగు నోట్‌బుక్కు పెట్టాడు. నా మాట పట్టుకొని ఆ రోజు నుంచి పెళ్లానికి కాపలా కాశాడు. పొద్దున సాయంత్రం తన చేత్తో మాత్రలు నోట్లో వేసి, నీళ్లు తాగించి, నోరు తెరిపించి చూశాడు. పక్కనే బీపీ రాశాడు. దుబాయి నుంచి తెచ్చిన బీపీ మిషను ఇంట్లో ఉంది.

"గా కిడ్నీ నాది సారు," అన్నాడు. "ఉన్న రెండిట్ల ఒకటి ఇచ్చిన. ఇంకోటి ఇయ్యనీకె నా దగ్గర లేదు. మింగకుంటె దొరుకుతదని రాసిన. ఒక్క పూట సుత తప్పలే. మరి ఎందుకు పోతున్నది?"

మందులు మానలేదని ఆ పుస్తకమే సాక్ష్యం. భార్యను పట్టుకుందామని రాసిన పుస్తకం ఆమెను నిర్దోషిని చేసింది, దోషం అక్కడి నుంచి జరిగి నా బల్ల ముందుకు వచ్చింది. నేను పేజీలు తిప్పాను.

తిప్పుతుంటే ఒకటి కనిపించింది. బీపీ అన్ని రోజులూ ఒకేలా లేదు. పొద్దున తక్కువ, సాయంత్రం ఎక్కువ, ఇది రోజూ ఉంది. కానీ నడుమ నడుమ నాలుగు రోజులు, ఐదు రోజులు సాయంత్రం కూడా దాదాపు మామూలుగా ఉంది. ఆ తర్వాత మళ్లీ ఎక్కింది. మందు అదే, చెయ్యి అదే. బీపీ దిగిన ఈ రోజుల్లో ఏం చేశారు, ఏం తిన్నారు అని అడిగాను. గంగాధర్‌కు గుర్తు లేదు. ఏమీ చెయ్యలేదన్నాడు.

కోరుట్ల గదిలోనూ స్టూలు మీద ఫైళ్లే ఉన్నాయి, అవి తీసి కింద పెట్టి, స్వరూపను కూర్చోమన్నాను. ఎన్నేళ్లకో నా ఎదుట స్టూలు మీద ఒక మనిషి కూర్చుంది. బీపీ దిగిన ఆ రోజుల్లో నీకెందుకు బాగుంది బిడ్డా అని అడిగాను. ఆమె భర్త వైపు చూసింది, నా వైపు చూడలేదు.

"గా దినాలల్ల ఆకు రాలే సారు," అన్నది.

బీడీల కంపెనీ నెలంతా ఆకు ఇవ్వదు. ఇచ్చిన రోజుల్లో చేతి నిండా పని, ఇవ్వని రోజుల్లో ఆకూ తంబాకూ పెట్టుకునే చాట గోడకు. కోరుట్లలో పుట్టిన పసిపిల్లకు కూడా తెలిసిన సంగతి అది. నేను ఆ ఊరికి ఇరవై ఏళ్లుగా వస్తున్నాను. బీడీలు చేసేటప్పుడు ఎట్లా కూర్చుంటావు అని అడిగాను. కింద, గోడకు ఆనుకొని, కుడి మోకాలు మడిచి, చాట ఒళ్లో పెట్టుకొని, ముందుకు వంగి. పొద్దున వంట అయినప్పటి నుంచి దీపాలు పెట్టేదాకా. కుడి తొడ కడుపుకు ఆనుకొని ఉంటుంది. చాట అంచు సరిగ్గా ఎక్కడ ఒత్తుకుంటుందో ఆమె వేలుతో చూపించింది. కిడ్నీ కోత మచ్చ మీద.

కూర్చోబెట్టి

ముందు పడుకోబెట్టి చూశాను. ఎప్పటిలాగే బాగుంది. హుష్, హుష్. తర్వాత మంచం మీదే లేచి, ఇంట్లో ఎట్లా కూర్చుంటుందో అట్లా కూర్చోమన్నాను. చాట లేదు. పేర్లు రాసుకునే వెడల్పాటి రిజిస్టరు ఒళ్లో పెట్టాను. పక్క నుంచి, దాని కింద నుంచి ప్రోబ్ ఆనించాను. నొక్కడం లేదు కదా అని రెండుసార్లు నా చెయ్యి నేనే చూసుకున్నాను.

నిటారుగా ఉన్నంతసేపు చప్పుడు వచ్చింది. వంగు అన్నాను. కొంచెం వంగింది. చప్పుడు సన్నబడింది. ఇంకా వంగు, బీడీ మూతి ఒత్తేటప్పుడు వంగినట్టు అన్నాను. వంగింది. ఒక్కొక్క నాడి దెబ్బకీ మధ్య ఉండవలసిన మెత్తటి హోరు తెగిపోయింది. తర్వాత టక్, టక్ అని పొడిగా నాలుగైదు చప్పుళ్లు. తర్వాత ఏమీ లేదు. తెర మీద గీత నేలకు ఆనుకొని సాగింది.

ప్రోబ్ జారిందేమోనని చూశాను. జారలేదు. కిడ్నీ తెర నడుమనే ఉంది, రక్తం పారుతున్నట్టు చూపే రంగు లేకుండా.

"పడుకో," అన్నాను. "తొందరగా పడుకో."

గంగాధర్ భుజాలు పట్టుకొని వెనక్కి వాల్చాడు. నేను ప్రోబ్ వదల్లేదు. చప్పుడు లేదు. కాలు చాపు అన్నాను. చాపింది. ఇంకా లేదు. పొడుగ్గా ఉన్న నాళం మడత పడి, మడత అట్లాగే బిగుసుకుపోయిందేమో, లోపల రక్తం గడ్డ కట్టిందేమో, నేనే ఇప్పుడు ఈ గదిలో ఈ కిడ్నీని చంపేశానేమో అనుకున్నాను. నా చెమట చుక్క ఆమె చీర మీద పడింది. నాకు ఆ కాసేపు ఎంతసేపో తెలియదు. గంగాధర్‌ను తర్వాత అడిగితే, పది పదిహేను అంకెలు లెక్కపెట్టేంత సేపు అన్నాడు. అతనికి విషయం తెలియదు కాబట్టి అట్లా లెక్కపెట్టగలిగాడు.

హుష్ అని ఒకటి వినిపించింది. ఆగి ఇంకొకటి. తర్వాత వరుసగా.

చేతులు తుడుచుకొని, స్టూలు మీద నేనే కూర్చుని, ఇద్దరికీ ఎదురుగా చెప్పాను. ఆమె మాత్రలు మానలేదు, ఒళ్లు తిరగబడలేదు, వంగి కూర్చున్నప్పుడల్లా నాళం మడత పడుతున్నది, పడుకోగానే విప్పుకుంటున్నది, నేను ఎప్పుడూ పడుకోబెట్టే చూశాను అని. "తప్పు నాది. నీ భార్యది కాదు," అన్నాను గంగాధర్‌తో.

అతను బల్ల మీది నోట్‌బుక్కు మూశాడు. స్వరూప కడుపు మీది జెల్లు గుడ్డతో తుడుచుకుంటూ, ఇద్దరిలో ఎవరికీ కాకుండా, మెల్లగా అన్నది. "మొదటిసారే చెప్పిన."

ఆమె చెప్పిన మాట

వాళ్లు పోయాక పాత కాగితాలు తీయించాను. మొదటిసారి వచ్చిన రోజు చీటీ వెనక, నా చేతిరాతతోనే ఒక ముక్క ఉంది. కూర్చుంటే బరువుగా ఉంటుందట, పడుకుంటే నయమట. నేనే రాశాను. నా చెయ్యి విన్నది, నేను వినలేదు.

మరి ఎందుకు మళ్లీ చెప్పలేదు. ఇది ఆ తర్వాత గంగాధర్ చెప్తే తెలిసింది. స్వరూప పుట్టిల్లు సిరిసిల్ల దిక్కు బోయినపల్లి దగ్గర, మా తాతల ఊరికి పక్క ఊరు. ఆమె అమ్మమ్మ మా గడిలో, అంటే దొరలైన మా తాతల మేడలో, వడ్లు దంచింది. రిపోర్టు మీద నా ఇంటిపేరు చూసి, మొదటిరోజే తల్లికి ఫోన్ చేసి అడిగిందట. దొరల పిల్లగాడు, మంచోడు, ఎదురు మాట్లాడకు అని తల్లి చెప్పిందట. నా చిన్నప్పుడే గడి కూలిపోయింది. నేను ఎవరితోనూ దొరలా మసలుకోలేదని ఇన్నాళ్లూ నాలో నేను మురిసిపోయాను. నేను మసలుకోకపోయినా అవతలి మనిషి గుండెలో అది ఉంటుంది. అది పోగొట్టే బాధ్యత కుర్చీలో ఉన్నవాడిది, స్టూలు మీద ఉన్నవాళ్లది కాదు. కొత్తగా వచ్చేవాళ్లలో పెద్దింటి పిల్లలు చాలామంది ఉంటారు, వాళ్ల కోసం ఇది ప్రత్యేకంగా రాస్తున్నాను.

ఆ సాయంత్రమే హైదరాబాదు డాక్టరమ్మకు ఫోన్ చేసి నా రెండు రిపోర్టులూ తప్పని చెప్పాను. ఆమె స్టెరాయిడ్లు అనవసరంగా ఇచ్చామా అన్నది. అవునన్నాను. ఇది రాసి పంపుతారా అని అడిగింది. రాసి, సంతకం పెట్టి పంపాను. కోర్టుకు పోతే నా మెడకు చుట్టుకునే కాగితం అని మా వాళ్లు భయపడ్డారు. నాకు ఆ భయం లేదని చెప్పను. కానీ ఆ కాగితం లేకపోతే అక్కడివాళ్లు కూడా పడుకోబెట్టే చూస్తారు, బాగుందనే రాస్తారు.

హైదరాబాదులో

అద్దె కారులో వెనక సీటు మీద కాళ్లు చాపి పడుకోబెట్టి తీసుకుపొమ్మన్నాను. కొండగట్టు గుడి దాటేటప్పుడు కారాపి దండం పెట్టుకుంటానని స్వరూప అంటే, గంగాధర్ నాకు ఫోన్ చేసి అడిగాడు. పడుకునే పెట్టుకోమన్నాను.

అక్కడ ఆంజియోగ్రామ్ చేశారు. పడుకోబెడితే నాళం మామూలుగా కనిపించింది, మోకాలు కడుపు వైపు మడిస్తే గొట్టం వంచినట్టు మడత పడింది. రోజూ మడతపడీ మడతపడీ ఆ చోట లోపలి పొర గాయపడి సన్నబడడం మొదలైంది. ఇక కింద కూర్చోకుండా ఉంటే సరిపోదా అని డాక్టరమ్మ అడిగితే సర్జను ఒప్పుకోలేదు. ఏదో ఒక రోజు ఆ గాయం మీద రక్తం గడ్డ కడుతుంది, కట్టిన గంటా రెండు గంటల్లో కిడ్నీ చస్తుంది, కోరుట్ల నుంచి ఇక్కడికి వచ్చేలోపే అంతా అయిపోతుంది అన్నాడు. స్టెంటు పెట్టినా మడత దగ్గర విరగవచ్చన్నాడు. తెరవాలి. మచ్చ కట్టిన చోటే మళ్లీ కోసి, నాళం పొడుగు తగ్గించి అతికి, కిడ్నీని కొంచెం జరిపి కదలకుండా కుట్టాలి. ఆ అతికేంతసేపూ కిడ్నీకి రక్తం ఉండదు. పోవచ్చు కూడా అని సంతకం తీసుకున్నారు.

ఆపరేషను రోజు నేను జగిత్యాలలో మామూలుగానే కేసులు చూశాను. మామూలుగా అంటున్నాను గాని, ఒకామెకు కడుపులో బిడ్డ గుండె చప్పుడు వినిపిస్తూ వినిపిస్తూ ఆపేశాను. ఆ చప్పుడు నాకు స్వరూప కిడ్నీ చప్పుడులా వినిపించింది. ఆమె భయపడింది. ఏం లేదమ్మా, బాగుంది అని మళ్లీ వినిపించాను.

మూడు గంటలకు గంగాధర్ ఫోన్ చేశాడు. ఏడుస్తున్నాడు. నేను కుర్చీలోంచి లేచాను.

"ఒంటికి అచ్చింది సారు," అన్నాడు. "బల్ల మీదనే అచ్చిందట, సంచిల పడ్డదట."

మూత్రం గురించి అట్లా ఒక మనిషి ఏడవడం, అది విని ఇంకొక మనిషి కళ్లు తుడుచుకోవడం ఈ వృత్తిలోనే ఉంటుంది.

షుగరు మాత్రం పోలేదు. ఇప్పటికీ మందు వేసుకుంటున్నది. దానిలో నా వాటా ఉంది. అది ఉండిపోతుంది.

చాట

మూడు నెలల తర్వాత ఒక గురువారం ఇద్దరూ వచ్చారు. వంగవచ్చునని సర్జను రాసిచ్చిన చీటీ ఉంది. ఇక బీడీలు చేసినా కుర్చీలో కూర్చుని బల్ల మీద చాట పెట్టుకోవాలన్నది కూడా అందులోనే ఉంది. గంగాధర్ చంకలో పాత చీరలో చుట్టిన వెడల్పాటి మూట ఒకటి ఉంది. ఏమిటని నేను అడగలేదు.

స్టూలు మీద కూర్చోబెట్టి ముందు మాట్లాడాను. తర్వాత పడుకోబెట్టి చూశాను. కొత్త అతుకు చక్కగా ఉంది. బాగుంది లేవమ్మా అన్నాను.

స్వరూప లేవలేదు. నా కళ్లలోకి చూసింది, ఇన్నిసార్లలో మొదటిసారి.

"కూసోవెట్టి సూడరా సారు?"

గంగాధర్ మూట విప్పాడు. అంచులు అరిగి, తంబాకు వాసనతో, ఆమె చాట. ఆమె మంచం మీద కుడి మోకాలు మడిచి కూర్చుని దాన్ని ఒళ్లోకి తీసుకుంది. ఫ్యాను ఆపమన్నాను. పక్క నుంచి ప్రోబ్ ఆనించాను.

హుష్, హుష్.

వంగింది. ఖాళీ చాటలో ఆమె వేళ్లు వాటంతట అవే లేని ఆకును చుట్టాయి, లేని దారాన్ని కట్టాయి. చప్పుడు సన్నబడలేదు. గంగాధర్ నోట్లో అంకెలు లెక్కపెట్టుకుంటున్నాడు, ఈసారి విషయం తెలిసి.

"ఆగిందా సారు?" అని అడిగింది, తల ఎత్తకుండా.

"ఆగలేదు బిడ్డా."

"అయితె ఇంకింత వంగుత. సరింగ సూడుండ్రి," అన్నది.